మామగారు పెట్టని సంతకం

మా మేడ మెట్లు పక్కింటి డ్రిల్లు మాస్టారి స్థలంలోకి అడుగున్నర జరిగాయని కోర్టు తేల్చింది. వాటిని కొట్టేయాలని డిక్రీ ఇచ్చింది. ఇందులో కోర్టును అనాల్సింది ఏమీ లేదు, మెట్లు నిజంగానే జరిగాయి. కట్టించింది మా మామగారు. ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరయ్యారు. ఊళ్లో ఉన్న త్రాసులన్నిటినీ, గజంబద్దలన్నిటినీ పట్టుకుని నిలదీసిన మనిషి, సొంత ఇంటి మెట్ల దగ్గరికి వచ్చేసరికి దూరం నుంచి ఓ కన్ను మూసి చూసి 'సరిపోతుందిలే' అన్నారు. దీపం కింద చీకటి అని ఊరికే అనలేదు.

ఆ మెట్లెక్కితే వచ్చేది నా గది. ఇంటి లోపలి నుంచి మేడ మీదికి దారి లేదు. ఒక మెషిను, ఒక కత్తిరింపు బల్ల, ఒక నిలువుటద్దం, అద్దం ముందు ఒక కర్టెను. నేను ఆడవాళ్ల బట్టలు కుడతాను. పెళ్లయిన కొత్తలో వంటింట్లో ఓ మూల కూర్చుని కుట్టేదాన్ని, తీసుకెళ్లిన ప్రతి గౌనూ పోపు వాసన కొడుతోందని జనం వెనక్కి తెచ్చేవాళ్లు. మేడ మీదికి మారాకే నాకంటూ ఓ పని, ఆ పనికంటూ ఓ పరువు వచ్చాయి. మెట్లు పోతే గది ఉంటుంది, గదికి మనుషులు రారు. గాల్లో వేలాడే గదికి వచ్చి కొలతలిచ్చేది కాకులే. మా ఆయన లారీ డ్రైవరు. ఇంటికి వచ్చినప్పుడల్లా నిద్రపోతాడు కాబట్టి ఈ గొడవలో ఆయన పాత్ర ఏమీ లేదు.

డిక్రీ వచ్చాక అందరూ మొహాలు వేలాడేసుకుంటే మామగారు మాత్రం పడక్కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని, "అప్పీలు వేసేశాం. ఇక ఆ డిక్రీ కదల్లేదు" అన్నారు.

ఎదురుగా కూర్చున్న ప్లీడరు గారు నుదురు రుద్దుకున్నారు. "అప్పీలు వేసినంత మాత్రాన డిక్రీ ఆగదండీ. అప్పీలు తేలేదాకా దాన్ని ఆపమని వేరే అడగాలి. దాన్నే స్టే అంటారు. అడక్కపోతే మన దారిన మనం అప్పీలు నడుపుకుంటూ ఉంటాం, వాళ్ల దారిన వాళ్లు కోర్టు అమీనాను తెచ్చి మెట్లు కొట్టించుకుంటారు."

"అయితే అడగండి."

ప్లీడరు గారు సంచీలోంచి అఫిడవిట్ తీసి చదివారు. అంతా సాఫీగా పోతోంది. ఒక చోటికి వచ్చింది. "'స్టే ఇవ్వని పక్షంలో నాకునూ, నా కుటుంబ సభ్యులకునూ పూడ్చలేని నష్టం వాటిల్లును.' ఇక్కడ సంతకం పెట్టండి."

మామగారు కలం మూత తిరిగి పెట్టేశారు. "అది కొట్టేయండి."

"ఏది?"

"ఆ నష్టం. కూర్చుని కూర్చుని మనింటికి మనమే నష్టం రావాలని రాసి, కింద సంతకం కూడానా? పైన తథాస్తు దేవతలుంటారయ్యా."

"రావాలని కాదండీ, వస్తుందని."

"వాళ్లకంత తేడా తెలుస్తుందా?"

"ప్రతి స్టే పిటిషన్‌లోనూ ఈ వాక్యం ఉంటుందండీ. ఇది లేకపోతే ఏ జడ్జిగారూ స్టే ఇవ్వరు."

"అందుకే కోర్టుకెక్కినవాడు బాగుపడిన దాఖలా లేదు" అన్నారు మామగారు.

అక్కడి నుంచి ఇద్దరూ కూరగాయల బేరంలో పడ్డారు. 'పూడ్చలేని'కి మామగారు ఒప్పుకోలేదు. 'తీవ్రమైన' అంటే తల అడ్డంగా ఊపారు. 'కొంత నష్టం' దగ్గర కాసేపు ఆగి, నష్టమనే మాటే వద్దన్నారు. చివరికి 'మాకు స్వల్ప ఇబ్బంది కలుగవచ్చును' దగ్గర బేరం తెగింది. చివరి 'వచ్చును' కూడా మామగారు పట్టుబట్టి చేర్పించిందే.

పై కోర్టు జడ్జిగారు అది చదివి, స్వల్ప ఇబ్బందికి స్టే ఎందుకు, సరైన కారణం ఉంటే రాసుకుని మళ్లీ రండి అని కాగితాలు తిప్పి పంపారు. ప్లీడరు గారు మళ్లీ పాత వాక్యంతో వచ్చారు. మామగారు మళ్లీ కలం మూత పెట్టారు. పట్టిన కుందేటికి మూడే కాళ్లు. అత్తగారు బతిమాలారు, నేను బతిమాలాను. "అప్పీలు ఉందిగా" అనేవారు, అప్పీలంటే ఇంటి ముందు కట్టేసిన కుక్కలాగా.

కుక్క మొరగలేదు, అమీనా వచ్చాడు.

ఆ పొద్దున నేను పైన లైనింగు గుడ్డ కత్తిరిస్తున్నాను. దభీమని చప్పుడయి బల్ల అదిరింది, కత్తెర పక్కకు పోయింది. బయటికి వచ్చి చూస్తే ఇద్దరు కూలీలు సమ్మెటలతో కింది మెట్టు మీద ఉన్నారు. పక్కన చేతిలో వారెంటుతో అమీనా. గోడవతల మెళ్లో ఈలతో డ్రిల్లు మాస్టారు. ఆయన బడి వదిలి చాలా కాలమైంది, ఈల మాత్రం ఆయన్ను వదల్లేదు.

"నేను పైన ఉన్నాను, కనబడటం లేదా?" అని అరిచాను.

"దిగమ్మా, దిగితే పని కానిస్తాం" అన్నాడు అమీనా. చూడటానికి సాధువులాగే ఉన్నాడు.

దిగాను. కానీ నేల దాకా దిగకుండా, కింది నుంచి నాలుగో మెట్టు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ఎందుకలా చేశానంటే నాకూ తెలియదు. ఒళ్లు మండితే నాకు కూర్చోబుద్ధవుతుంది.

అమీనా వారెంటు అటూ ఇటూ తిప్పి చూశాడు. "మనిషున్న మెట్టు కొట్టమని ఇందులో లేదు" అన్నాడు కూలీలతో. "ఖాళీ మెట్లు కొట్టండి."

వాళ్లు నిజాయతీగా ఖాళీ మెట్లే కొట్టారు. ఒకటి, రెండు, మూడు. నాలుగోదాని మీద నేనున్నాను. అక్కడ ఆగారు.

ఈలోగా అత్తగారు ఫోన్ చేసినట్టున్నారు, ప్లీడరు గారు చెమటలు కక్కుతూ వచ్చారు. ఆటోలో పక్కన ఒక నోటరీని కూడా కూర్చోబెట్టుకొచ్చారు. చేతిలో ఆ అఫిడవిట్టే, అందులో ఆ వాక్యమే. "మధ్యాహ్నం మొదట్లోనే వింటామన్నారు. ఇప్పటికైనా పెట్టండి సంతకం!"

మామగారు కాగితం తీసుకున్నారు. సమ్మెటల వైపు చూశారు. నా వైపు చూశారు. కలం తీశారు. అంతే, చేయి కదల్లేదు.

నాకు తిక్క రేగింది. పెళ్లయినప్పటి నుంచి ఆయన ముందు గొంతెత్తనిదాన్ని, వీధి వీధంతా వినేట్టు అరిచాను. "మామయ్యగారూ! మీ పట్టుదలకు నా బతుకు కూలిపోతోంది. నష్టం మీకు కాదు, నాకు. నాకు నష్టమని రాయడానికి మీకేం అడ్డం?"

"అదేనమ్మా అడ్డం" అన్నారు.

"ఏది?"

"నా ఒక్కడికే నష్టమని రాసుంటే ఆ రోజే పెట్టేసేవాణ్ని. నాకింకేం నష్టం వస్తుంది, రావలసినవన్నీ వచ్చిపోయాయి. ఈయన కుటుంబ సభ్యులని రాశాడు. ఆ గది నీది. నష్టమంటూ వస్తే నీ నెత్తి మీదే పడుతుంది. నా చేత్తో నీకది రాసివ్వమంటావా?"

కూలీలు సమ్మెటలు దించేశారు. మంచి కోపంలో ఉన్న మనిషితో అలాంటి మాట అనకూడదు. ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. కళ్లు తుడుచుకుంటే చేతికున్న సుద్ద కళ్లలో పడి ఇంకా నీళ్లొచ్చాయి. ఏడుస్తున్నాననుకున్నారు అందరూ. ఏడుస్తూనే ఉన్నాను లెండి.

"ఈ ముక్క ముందే చెప్పి ఉంటే ఏం పోయేది?" అన్నారు అత్తగారు ఆయనతో. "నాతోనైనా అనలేకపోయారా?"

"అంటే మాత్రం? నువ్వు ఊరంతా చాటి వచ్చేదానివి" అన్నారాయన.

ప్లీడరు గారు ఒక్క గంతు వేశారు. "విషయం తెలిసినవాళ్లు ఎవరైనా అఫిడవిట్ ఇవ్వచ్చండీ! అమ్మా, ఆ గదిలో పని చేసేది మీరేగా, మీరే పెట్టండి సంతకం." అప్పటికప్పుడు ఆటో సీటు మీద పెట్టుకుని కొత్త అఫిడవిట్ నా పేర రాసి, విరిగిన రాళ్ల మీదుగా కర్రకు గుచ్చి అందించారు. నేను మెట్టు మీదే మోకాలి మీద పెట్టుకుని సంతకం చేశాను. నోటరీ కింద నుంచి మెడ ఎత్తి అడిగాడు. "ఇందులో రాసిందంతా నిజమేనా అమ్మా? మీకు పూడ్చలేని నష్టం వాటిల్లునా?"

"వాటిల్లును" అన్నాను గట్టిగా.

మామగారు రెండు చెవులూ మూసుకుని గోడ వైపు తిరిగారు.

ప్లీడరు గారి ఆటో అలా వెళ్లిందో లేదో, డ్రిల్లు మాస్టారు ఈల ఊదారు. "ఎంతసేపు ఈ తమాషా? అమీనా గారూ, ఆవిణ్ణి దించండి!"

అమీనా ఎండ వైపు చూశాడు. "మా భోజనం వేళ అయింది మాస్టారూ" అని చెట్టు నీడకు పోయి క్యారియరు విప్పాడు. అంత నిదానంగా తిన్న మనిషిని నేనింతవరకూ చూడలేదు. ఒక్కో ముద్దా నమిలి, ఆగి, దారి వైపు చూసి, మళ్లీ నమిలాడు. ఆయన కడుపు చల్లగా ఉండాలని ఆ రోజు అనుకున్నాను, ఇవాళ్టికీ అనుకుంటాను.

చేయి కడుక్కునే లోపల ప్లీడరు గారు ఆర్డరు కాగితం ఊపుకుంటూ దిగారు. "స్టే! స్టే వచ్చింది! తర్వాతి వాయిదా దాకా ఇరు పార్టీలూ యథాతథ స్థితి పాటించాలి!"

నేను మెట్టు మీద లేచి నిలబడి, "ఇంకేం, మేస్త్రీని పిలిచి ఆ మూడు మెట్లూ కట్టించేద్దాం" అన్నాను.

"అమ్మమ్మో! ముట్టుకోకూడదు" అన్నారు ప్లీడరు గారు. "యథాతథ స్థితంటే ఇప్పుడెలా ఉందో అలాగే. వాళ్లు కూల్చకూడదు, మనం కట్టకూడదు."

"అయితే ఈ రాళ్లూరప్పలూ నా స్థలంలోంచి ఎత్తేయండి" అన్నారు డ్రిల్లు మాస్టారు.

"అవీ ఎత్తకూడదండీ. స్థితిలో భాగమే."

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది. మాకు నేలనంటని మెట్లు మిగిలాయి, ఆయనకు గెలిచిన స్థలంలో రాళ్లగుట్ట మిగిలింది. నేను కిందికి ఎలా దిగాలో ఆర్డర్లో రాయలేదు. కూలీలే పాపం చెరో చేయీ పట్టుకుని దించారు.

మర్నాడు వచ్చిన మొదటి కస్టమరు ఆ ఖాళీ వైపు చూసి, మెట్ల వైపు చూసి, నా వైపు జాలిగా చూసి వెళ్లిపోయింది. రెండో ఆవిడ జాలి కూడా పడలేదు. మూడో ఆవిడ వెనక్కి తిరుగుతుంటే మామగారు లోపలి నుంచి ఎత్తు స్టూలు మోసుకొచ్చారు. "ఎక్కమ్మా, నేను పట్టుకుంటాను" అన్నారు. స్టూలు వేసి తీసేస్తే స్థితి మారినట్టు కాదని ప్లీడరు గారిని ముందే అడిగి పెట్టుకున్నారట. ఇంట్లో మంచినీళ్లు కూడా తన చేత్తో ముంచుకోని మనిషి, ఆ రోజు నుంచి వచ్చినవాళ్లకల్లా స్టూలు వేయడం, తీయడం. మళ్లీ దిగేటప్పుడు వేయడం, తీయడం.

డ్రిల్లు మాస్టారు ఊరుకుంటారా? టేపు తెచ్చి కొలిచారు. "స్టూలు కాళ్లు రెండు నా స్థలంలో ఉన్నాయి!"

మామగారు స్టూలును కాస్త తిప్పారు. "ఇప్పుడు?"

మాస్టారు వంగి చూశారు. "ఒకటి."

"ఆ ఒక్క కాలూ గాల్లో పెట్టమంటారా?"

ఇలా రెండు మూడు రోజులు గడిచాక మాస్టారి బాధ స్థలం గురించి కాకుండా పోయింది. ఆడవాళ్లు స్టూలెక్కే తీరు ఆయన చూడలేకపోయారు. ఒకావిడ మోకాళ్ల మీద పాకింది. ఒకావిడ కళ్లు మూసుకుని ఎక్కింది. ఇంకొకావిడ మా మామగారి తల పట్టుకుని ఎక్కింది. పిల్లలకు ముప్ఫయ్యేళ్లు కవాతు నేర్పిన మనిషి ఎంతకని ఓర్చుకుంటాడు? ఒక రోజు గోడ మీద నుంచి ఈల మోగింది. "ఎడమ కాలు! ఎడమ కాలు ముందు! నడుం నిటారుగా! ఒకటి, రెండు, పైకి!" ఆవిడ అదిరిపడి, ఒకటి రెండు అనేలోపు పైకి వచ్చేసింది. అప్పటి నుంచి అదే వరస. మామగారు స్టూలు పట్టుకునేవారు, మాస్టారు లెక్క పెట్టేవారు. పలకరించుకునేవారు కాదు, కేసు నడుస్తోంది కదా. కానీ మాస్టారికి జలుబు చేసి రాని రోజు మామగారు గోడవతలికి నాలుగుసార్లు తొంగి చూడటం నేను చూశాను.

ఈ వింత చూడటానికే సగం మంది వచ్చారేమో, నాకు పని రెట్టింపయింది.

వాయిదా రోజు వచ్చింది. ఆ స్టే అప్పీలు తేలేదాకా ఉండాలా, అక్కడితో పోవాలా అన్నది ఆ రోజు జడ్జిగారు తేలుస్తారు. ఉంటే నా గది ఉంటుంది. మాస్టారి తరఫు ప్లీడరు లేచి, వీళ్లకు నష్టమేమీ లేదు, స్టూలు వేసుకుని హాయిగా పని చేసుకుంటున్నారు అన్నాడు. మా ప్లీడరు గారు అంతెత్తున లేచారు. అబ్బో, ఏం మాట్లాడారు! నా పని దెబ్బతిందన్నారు, నా ఆరోగ్యం దెబ్బతిందన్నారు, నేను రాత్రింబగళ్లు కుమిలిపోతున్నానన్నారు. వింటుంటే నా మీద నాకే జాలేసింది. "ఈ యువతికి జరిగిన, జరగబోయే నష్టం, పూడ్చలేనిది..."

"అబ్బే!" అని వెనక బెంచీ నుంచి వినబడింది.

జడ్జిగారు తలెత్తారు. "ఎవరది?"

మామగారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. నేను ఆయన చొక్కా అంచు పట్టుకుని లాగాను. కూర్చోలేదు. "అప్పీలు వేసింది నేనేనండీ. మా కోడలికి అలాంటిదేమీ జరగలేదండీ. కుమిలిపోవడం కూడా లేదు, నిక్షేపంలా ఉంది. ఏ నష్టమూ రాలేదు. నేను రానివ్వను కూడా."

"అయితే మరి స్టే ఎందుకండీ?"

"అది ప్లీడరు గారు అడగమన్నారండీ" అన్నారు మామగారు వినయంగా.

మా ప్లీడరు గారు ఫైలుతో మొహం కప్పుకున్నారు. మాస్టారి ప్లీడరుకు వాదించడానికి ఇంకేమీ మిగల్లేదు. జడ్జిగారు నవ్వు ఆపుకోలేక కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. నష్టం లేదని పార్టీయే చెబుతున్నప్పుడు తాను చేయగలిగింది లేదని, స్టే తీసేశారు. అప్పీలు మాత్రం దాని దారిన అది నడుస్తుంది. పైనున్న సామాను దించుకోవడానికి వారం గడువిచ్చారు.

ఇంటికి వచ్చేదాకా నేను ఆయనతో మాట్లాడలేదు. దారి పొడుగునా తిట్లు పేర్చుకున్నాను, మంచి మంచివి దొరికాయి. గుమ్మంలో ఆగి అనబోతే 'నేను రానివ్వను కూడా' అన్న మాట గుర్తొచ్చి, పేర్చినవన్నీ కూలిపోయాయి. నా గది పోయింది. పోగొట్టినవాడి మీద కోపం పెంచుకుందామంటే ఆ అవకాశం కూడా లేదు. చేసేది లేక వంటింట్లోకి పోయి గిన్నెల మీద చూపించాను.

గడువు ఆఖరి రోజున అమీనా మళ్లీ వచ్చాడు. కూలీలు సమ్మెటలు పక్కన పెట్టి, ముందు నా మెషిను దించుతామన్నారు. మాస్టారు గోడ దాటి వచ్చి స్టూలుకు రెండో పక్క పట్టుకున్నారు. "మెల్లగా! ఒకటి, రెండు, కిందికి!" గొంతు మాత్రం రోజూ ఉన్నంత గట్టిగా లేదు. మెషిను దిగింది, అద్దం దిగింది, బల్ల కాళ్లు విప్పితే దిగింది.

"ఎక్కడ పెట్టమంటారు?" అన్నాడు ఒక కూలీ, మెషిను భుజం మీద పెట్టుకుని.

నేను వంటింటి వైపు చూశాను. ఆ పోపు వాసన అప్పుడే ముక్కుకు తగిలింది.

"ముందు గదిలో" అన్నారు మామగారు. "కిటికీ పక్కన. తనకు వెలుతురు కావాలి."

వెళ్లి చూస్తే గది ఖాళీగా ఉంది. ఆయన పడక్కుర్చీ, పేపర్ల దొంతర, బీరువా, కేసు కట్టలు, ఏవీ లేవు. పొద్దున్నే లేచి అన్నీ ఆయనే ఒక్కొక్కటిగా బయట వసారాలోకి లాక్కున్నారు. తలుపుకు కర్టెను కూడా తగిలించారు. తెలియక తిరగేసి తగిలించారు.

"మరి మీరెక్కడ కూర్చుంటారు?" అన్నాను.

"ఎంతలే, నాలుగు రోజులు. అప్పీలు గెలుస్తాం, మెట్లు మళ్లీ కట్టిస్తాను. అప్పటిదాకా సర్దుకో." గెలవలేమని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు.

మధ్యాహ్నానికి మెట్లు పూర్తిగా పోయాయి. సాయంత్రానికి ముందు గదిలో ఇద్దరు ఆడవాళ్లు వచ్చి కూర్చున్నారు, స్టూలెక్కే పని లేనందుకు ఒకావిడ కాస్త చిన్నబుచ్చుకుంది కూడా. వసారాలో ఎండ సరిగ్గా మామగారి మొహం మీద పడుతోంది. ఆయన కుర్చీ ఇటు జరిపి, అటు జరిపి, చివరికి పేపరు నెత్తిన కప్పుకున్నారు. నేను కర్టెను తొలగించి, "లోపలికి వచ్చి ఓ పక్కన కూర్చోండి మామయ్యగారూ" అన్నాను.

"ఆడవాళ్లు కొలతలిచ్చే గదిలో నాకేం పనమ్మా" అన్నారు.

ఆ రోజు నుంచి మా మామగారు తన ఇంట్లోకి పెరటి గుమ్మం గుండానే వస్తున్నారు.